ఆంగ్లమున 'టు': ఉద్దేశ్యమా? ఫలితమా?

వేదాద్రి రేవున నిలిచి కృష్ణను చూచినవారికి ఆ నది పోక తెలియును. యోగానంద లక్ష్మీనరసింహస్వామి ఆలయపు మెట్ల క్రిందుగా సాగిన ఆ నీరు విజయవాడ దాటి, దివిసీమ చేరి, హంసలదీవి వద్ద సముద్రమున కలియుచున్నది. ఈ సంగతిని తెలుగున చెప్పవలసి వచ్చినపుడు మనము "నది ప్రవహించి సముద్రమున కలియుచున్నది" అందుము. "సముద్రమున కలియుటకు నది ప్రవహించుచున్నది" అని కవి యైనవాడు అనవచ్చును గాని, భూగోళపాఠము వ్రాయు విద్యార్థి అనరాదు. నదికి కోరిక లేదు. దానికి గమనమున్నది, ఆ గమనమునకు ఒక ఫలితమున్నది. అంతే.

ఇదే వాక్యము ఆంగ్లమున "ద రివర్ ఫ్లోస్ ఆన్ టు మీట్ ద సీ" అని యుండును. దీనిని తెనిగింపుడని మా తరగతిలో ఇచ్చినపుడు సగమునకు మించిన విద్యార్థులు "కలియుటకు ప్రవహించుచున్నది" అనియే వ్రాసినారు. తరువాత మరియొక వాక్యమిచ్చినాము: "హి వోక్ అప్ టు ఫైండ్ ద హౌస్ ఎంప్టీ." దీనికి వచ్చిన సమాధానము: "ఇల్లు శూన్యముగా ఉండుటను కనుగొనుటకు అతడు మేల్కొనెను." ఇల్లు శూన్యముగా నున్నదని ముందే తెలిసి, దానిని కనుగొనుటకై నిద్రలేచువాడు లోకమున ఉండునా? వ్రాసిన విద్యార్థి తెలివితక్కువవాడు కాడు. తాను వ్రాసినదానిని తానే చదివి నవ్వినాడు. కాని మరియొక విధముగా ఎట్లు వ్రాయవలెనో అతనికి తోచలేదు. ఏలయన 'టు' అనగా '-టకు' అని ఆరవ తరగతిలో ఎవరో చెప్పినారు. అది మంత్రమువలె అతని మనస్సున నిలిచిపోయినది.

ఈ చిన్న 'టు' గూర్చి కళాశాల వార్షిక సంచికలో ఇంత ప్రస్తావన అవసరమా యని కొందరికి అనిపింపవచ్చును. అవసరమేనని మా అభిప్రాయము. కారణములను క్రమముగా మనవి చేయుచున్నాము.

ఆంగ్లక్రియల వెంట అప్, అవుట్, ఆన్, డౌన్, బ్యాక్ మొదలగు చిన్న పదములు చేరి క్రొత్త అర్థముల నిచ్చుట మనకు తెలిసినదే. వీనినే ఫ్రేజల్ వెర్బులందురు. ఈ పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన గ్రంథముతో వ్యాప్తికి వచ్చినది. పేరు క్రొత్తదే గాని చిక్కు ప్రాతది. 1755లో తన మహానిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్, ఇట్టి కూర్పులే విదేశీయులకు మిక్కిలి కష్టమును కలిగించునని పీఠికయందే గుర్తించినాడు. ఆ కష్టమునకు తోడు వీని వెంట 'టు'తో కూడిన మరియొక క్రియ, అనగా ఇన్ఫినిటివ్, చేరినపుడు చిక్కు రెట్టింపగుచున్నది. ఏలయన ఆ 'టు' ఒకచోట ఉద్దేశ్యమును, ఒకచోట ఫలితమును తెలుపును. రూపమొక్కటే, అర్థములు రెండు.

ఉద్దేశ్యము తెలుపు వాక్యములు సులభములు. "షి గాట్ అప్ టు స్పీక్" అనగా మాట్లాడుటకు లేచినది. "దే సాట్ డౌన్ టు ఈట్" అనగా భుజించుటకు కూర్చుండినారు. ఇచట 'ఎందుకు?' అను ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. 'టు'కు ముందు 'ఇన్ ఆర్డర్' అను మాటలు చేర్చినను వాక్యము చెడదు.

ఫలితము తెలుపు వాక్యములు వేరు. "హి గ్రూ అప్ టు బి ఎ డాక్టర్" అనగా అతడు పెరిగి పెద్దవాడై వైద్యుడైనాడు. వైద్యుడగుటకు ఎవడును ఎత్తు పెరుగడు. ఇచట 'ఎందుకు?' అను ప్రశ్న పొసగదు, 'ఏమైనది?' అను ప్రశ్నయే పొసగును. 'టు'ను తొలగించి 'అండ్' ఉంచి, "గ్రూ అప్ అండ్ బికేమ్" అన్నచో భావము చెడదు. ముందు చెప్పిన "వోక్ అప్ టు ఫైండ్" ఈ కోవకే చెందును. 'ఓన్లీ టు ఫైండ్' అని యున్నచోట సందేహమే అక్కరలేదు. అది ఆశాభంగముతో కూడిన ఫలితము. దానికి మన ఇండ్లలో చక్కని మాట యున్నది: "తీరా వెళ్ళి చూస్తే". ఆ 'తీరా' అను రెండక్షరములలో ఆంగ్లమునందలి 'ఓన్లీ' ఒదిగియున్నది. ఏ గైడులోను మాకీ మాట కనబడలేదు; కాని నందిగామ బస్సు తప్పిపోయిన ప్రతివాడును దీనిని పలుకును.

ఈ రెండు రకముల మధ్య ఇంకొక ముఖ్యమైన భేదమున్నది. ఉద్దేశ్యమును తెలుపు 'టు' పని తలపెట్టుటనే చెప్పును. ఆ పని జరిగినదో లేదో చెప్పదు. ఫలితమును తెలుపు 'టు' పని జరిగినదనియే చెప్పును. జేమ్స్ బర్జెస్ 1882లో జగ్గయ్యపేట స్తూపమును పరిశీలించినాడు. "బర్జెస్ సెట్ అవుట్ టు సర్వే ద స్తూప" అని మాత్రమే వ్రాసియున్నచో, అతడు ఆ పనికి పూనుకొనెనని తెలియును గాని, పూర్తి చేసెనని తెలియదు. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపములపై అతని గ్రంథము వెలువడినదని మరియొక వాక్యము చెప్పిననే మనకు ఆ సంగతి తెలియును. అతనికి పూర్వము అమరావతి స్తూపమును చూచిన కాలిన్ మెకంజీ విషయమున "హి వెంట్ ఆన్ టు బికమ్ ద ఫస్ట్ సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియా" అని వ్రాసినచో, తరువాతి కాలమున, అనగా 1815లో, అతడు ఆ పదవిని పొందినాడని అర్థము. ఇందు సందేహమునకు తావు లేదు. 'సెట్ అవుట్ టు బికమ్' అన్నచో కాగోరినాడు. 'వెంట్ ఆన్ టు బికమ్' అన్నచో అయినాడు. ఈ రెంటిని ఒకే '-టకు'తో తెనిగించు విద్యార్థి, చరిత్రలో జరిగినదానిని జరుగనిదానిగను, జరుగనిదానిని జరిగినదానిగను చదువుకొనుచున్నాడు.

'సెట్ అవుట్ టు', 'టర్న్ అవుట్ టు' వంటివానిని విడదీయక ఒకే క్రియగా గ్రహించుట మేలు. మొదటిదానికి 'పూనుకొను' అని, రెండవదానికి 'తేలు' అని తెలుగు సరిపోవును. "ద న్యూస్ టర్న్‌డ్ అవుట్ టు బి ఫాల్స్" అనగా ఆ వార్త అబద్ధమని తేలినది. 'గో ఆన్' విషయమున జాగ్రత్త అవసరము. "వెంట్ ఆన్ టు రీడ్" అనగా వేరొక పని ముగించి, ఆ పిమ్మట చదివినాడు. "వెంట్ ఆన్ రీడింగ్" అనగా మానక చదువుచునే యున్నాడు. 'గివ్ అప్' వెంట వచ్చు 'టు' సాధారణముగా ఉద్దేశ్యమునే తెలుపును. "హి గేవ్ అప్ టీచింగ్ టు ఫార్మ్" అనగా సేద్యము చేయుటకై బోధన మానినాడు. ఇందు మానినది బోధన, సేద్యము కాదు.

చివరగా 'టు' ఇన్ఫినిటివునకు చెందక, క్రియలోని భాగమే యగు సందర్భము కలదు. 'లుక్ ఫార్వర్డ్ టు', 'గెట్ డౌన్ టు', 'ఓన్ అప్ టు' అనునవి ఇట్టివి. వీని తరువాత నామవాచకము గాని, 'ఇంగ్'తో ముగియు రూపము గాని రావలెను. ఉద్యోగములకు దరఖాస్తులు వ్రాయు మన పట్టభద్రులలో పెక్కుమంది "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని ముగించుచున్నారు. "మీటింగ్ యు" అనుట సరియైన పద్ధతి. దరఖాస్తులోని తుది వాక్యమే తప్పైనచో, చదువువారి మనస్సున నిలుచునది ఆ తప్పే.

ఇదంతయు వ్యాకరణపు పట్టింపు మాత్రమే యనువారికి ఒక్క ఉదాహరణము చాలును. "హి వెంట్ బ్యాక్ టు ఫైండ్ హిజ్ బ్రదర్" అనగా తమ్ముని వెదకుటకు అతడు తిరిగి వెళ్ళినాడు. ఈ వాక్యము చివర 'డెడ్' అను ఒక్క మాట చేర్పుడు. ఇపుడు అర్థము పూర్తిగా మారినది: అతడు తిరిగి వెళ్ళి చూడగా తమ్ముడు మరణించియున్నాడు. మన విద్యార్థి దీనిని "తమ్ముడు చచ్చియుండుట చూచుటకు తిరిగి వెళ్ళెను" అని తెనిగించెననుకొనుడు. ఆ అన్నకు తమ్ముని మరణము ముందే తెలిసియున్నట్లు కాలేదా? తరగతి గదిలో దీనికి ఒక మార్కు పోవును. న్యాయస్థానమునకు పోవు కాగితములో ఇట్టి తప్పు దొరలినచో ఒక నిరపరాధి మీద అనుమానము పడును. నేరవిచారణలో ఉద్దేశ్యము వేరు, ఫలితము వేరు. ఆ రెంటి నడుమనే మనుష్యుని భవితవ్యము వ్రేలాడుచుండును. జగ్గయ్యపేటలోను, నందిగామలోను రేపు వకీళ్ళ గుమాస్తాలుగా, టైపిస్టులుగా, దస్తావేజు లేఖరులుగా పని చేయువారు మన విద్యార్థులే గదా!

మరి ఉపాయమేమి? మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. ఆంగ్లము ఒకే 'టు'లో ఇమిడ్చిన ఈ రెండర్థములను మన తెలుగు మొదటినుండియు విడదీసియే చెప్పుచున్నది. మన తెలుగు వ్యాకరణ పాఠములలో తుమున్నర్థకమని, క్త్వార్థకమని నేర్చుకొన్నది దేనికి? 'చేయుటకు', 'చూచుటకు' అనునవి ఉద్దేశ్యమును తెలుపును. 'చేసి', 'చూచి', 'లేచి', 'పెరిగి' అనునవి ఒక పని పిమ్మట మరియొక పని జరిగినదని తెలుపును. ఫలితమును తెలుపు ఆంగ్లవాక్యమునకు క్త్వార్థకమే సహజమైన తెలుగు. "లేచి చూడగా ఇల్లు శూన్యముగా నున్నది" అన్నచో ఆ వాక్యమునకు తెలుగుదనము వచ్చినది, అర్థమును సరిపడినది.

మన కళాశాలలో ఉర్దూ చదువు విద్యార్థులున్నారు. వారి భాషను పరిశీలింపుడు. ఉద్దేశ్యమునకు "డాక్టర్ బన్‌నే కే లియే" అందురు. ఫలితమునకు "బడా హో కర్ డాక్టర్ బనా" అందురు. "జాగ్ కర్ దేఖా తో ఘర్ ఖాలీ థా" అను వాక్యమును మన "లేచి చూడగా" ప్రక్కన నిలుపుడు. 'జాగ్ కర్' అనగా 'లేచి'. 'దేఖా తో' అనగా 'చూడగా'. మాటకు మాట సరిపోవుచున్నది. తెలుగు ద్రావిడభాష, ఉర్దూ వేరొక కుటుంబమునకు చెందినది. ఐనను ఈ విషయమున రెండును ఒకే బాటను నడచుచున్నవి. భాషాశాస్త్రవేత్త మరే ఎమెనో 1956లో భారతదేశము ఒక భాషామండలమని ప్రతిపాదించినాడు. కాలిన్ మాసికా 1976లో ప్రకటించిన గ్రంథమున, కుటుంబములు వేరైనను ఈ దేశపు భాషలకు ఉమ్మడియైన లక్షణములను చర్చించుచు, ఈ క్త్వార్థకమును వానిలో ఒకటిగా పరిశీలించినాడు. శతాబ్దములు ప్రక్కప్రక్కన బ్రదికిన ప్రజల నోళ్ళలో భాషలు ఇట్లే చెలిమి చేయును. ఈ సత్యమునకు మన తరగతి గదియే సాక్ష్యము. తెలుగు విద్యార్థియు, ఉర్దూ విద్యార్థియు ఒకే బల్లపై కూర్చుండి ఒకే ఆంగ్లవాక్యమును తమ తమ భాషలలోనికి మార్చి పోల్చుకొన్నచో, ఆ 'టు' ఏ జాతిదో ఇద్దరికిని తేటతెల్లమగును.

ఐతే ఒక సంగతి దాచరాదు. తెలుగున '-టకు' ఎల్లపుడును ఉద్దేశ్యమునే తెలుపునని చెప్పలేము. దుఃఖమునందు మన పెద్దలు "ఇది చూచుటకా నేను బ్రదికియున్నది!" అందురు. బ్రదుకుటకు అది ఉద్దేశ్యము కాదు, దాపురించిన ఫలితము. ఆంగ్లమున 'లివ్‌డ్ ఆన్ టు సీ' అను ప్రయోగము దీనికి సన్నిహితమైనది. కనుక ఏ సూత్రమైనను మార్గము చూపునే గాని, సందర్భమును గ్రహించు బాధ్యత చదువరిదే. ఈ మినహాయింపు కూడ మాతృభాష నుండియే తెలియుచున్నది గమనింపుడు.

కొందరు పెద్దలు "ఆంగ్ల తరగతిలో ఆంగ్లమే వినబడవలెను, తెలుగు, ఉర్దూలకు చోటులేదు" అందురు. వినికిడికి, సంభాషణకు ఆంగ్లవాతావరణము అవసరమని మేమును ఒప్పుకొందుము. కాని విద్యార్థి నోట ఆంగ్లమే పలికించినను, అతని మనస్సులో '-టకు' మెదలుచునే యుండును. దానిని వెలికి తీసి సవరింపనిచో ఆ తప్పు లోపలనే వేరూనును. మాతృభాషను గుమ్మము బయట నిలిపినంతమాత్రమున అది పోదు. కిటికీలో నుండి వచ్చును. మన నేలపై ఆంగ్లేయులు తెలుగు నేర్చిన విధము చూడుడు. మచిలీపట్టణమున మిషనరీగా నున్న ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో ప్రకటించిన తెలుగు వ్యాకరణము, తెలుగును ఆంగ్లముతో సరిపోల్చుచు మెట్టుమెట్టుగా బోధించును. వారు తమ భాష ద్వారమున మన భాషలోనికి వచ్చినారు. మనము మన భాష ద్వారమున వారి భాషలోనికి పోవుటకు సిగ్గేల?

మరికొందరు "పరీక్షకు ముందు నూరు ఫ్రేజల్ వెర్బులను వల్లె వేసిన చాలును, మార్కులు వచ్చును" అందురు. వచ్చుననుట నిజమే. కాని జాబితాలో 'గ్రో అప్' అనగా 'పెరుగు' అని, 'వేక్ అప్' అనగా 'మేల్కొను' అని మాత్రమే యుండును. ఆ వెంట వచ్చు 'టు'ను గూర్చి జాబితా ఏమియు చెప్పదు. చిక్కు విడిమాటలలో లేదు, వాక్యములో నున్నది. 1942లో తొలుత టోక్యోలో వెలువడిన తన నిఘంటువులో ఎ. ఎస్. హార్న్‌బీ క్రియల అర్థములతో తృప్తిపడక, ఏ క్రియ వెంట ఏ నిర్మాణము రావలెనో కూడ చూపినాడు. ఎనుబది సంవత్సరములు గడచిన పిమ్మటనైనను ఆ దారి మన తరగతి గదికి చేరవలదా?

మాధ్యమమును గూర్చి మన రాష్ట్రమున వాదోపవాదములు చాల జరిగినవి. ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును గూర్చి 2019 నవంబరులో ఉత్తర్వులు వెలువడుట, 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేయుట అందరెరిగినదే. ఆ వివాదములో మేమిచట ప్రవేశింపము. ఏ మాధ్యమమున చదివినను, వాక్యమును గ్రహింపలేని చదువు చదువు కాదని మాత్రము చెప్పుదుము.

కళాశాల కమిటీవారికి మా విన్నపము చిన్నది. వారమునకు ఒక్క గంట ఆంగ్లశాఖకు, తెలుగు, ఉర్దూ శాఖలకు ఉమ్మడిగా కేటాయింపవలెను. ఆ గంటలో ముగ్గురు ఉపన్యాసకులును కలిసి, దినపత్రికలోని పది ఆంగ్లవాక్యములను తీసికొని విద్యార్థులచే రెండు భాషలలోనికి మార్పింపవలెను. ప్రతి విద్యార్థియు మూడు వరుసల నోటుపుస్తకము నుంచుకొనవలెను: ఒకదాన ఆంగ్లము, ఒకదాన తెలుగు, ఒకదాన ఉర్దూ. ఉర్దూ రానివాడు ప్రక్కవానిని అడిగి వ్రాసికొనును. తెలుగు సరిగా రానివాడు ఇతనిని అడుగును. గ్రంథాలయమున ప్రయోగములను చూపు నిఘంటువులు నాలుగు ప్రతులైన నుంచవలెను. దీనికి క్రొత్త భవనము అక్కరలేదు, పెద్ద నిధియు అక్కరలేదు. కావలసినది సంకల్పము.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. పల్లెనుండి వచ్చి, తెలుగులోనో ఉర్దూలోనో చదివి, ఆంగ్లవాక్యము ముందు తడబడినపుడు మీరు తలవంచుకొనుట మేము చూచుచున్నాము. అందుకు కారణము లేదు. ఆంగ్లము ఒక్క మాటలో కలగాపులగము చేసినదానిని మీ అమ్మ పలుకు రెండు మాటలుగా విడదీసి మీకు ఏనాడో నేర్పినది. 'టు' కనబడినపుడు ఆగి రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఎందుకు? ఏమైనది? మొదటిది పొసగినచో '-టకు', రెండవది పొసగినచో '-ఇ'. రెండును పొసగనిచో అది క్రియలోని భాగమేమోనని నిఘంటువును తెరచి చూడుడు.

2022 ఏప్రిలులో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టప్రాంతమున జిల్లా పేరు మారినది గాని కృష్ణ పోక మారలేదు. మన విద్యార్థులును ఇచట చదివి, ఎదిగి, పెద్ద ప్రవాహములలో కలియవలెను. వారి విషయమున అది ఫలితము మాత్రమే కాక, మన ఉద్దేశ్యము కూడ కావలెనని కమిటీవారికి మనవి చేయుచున్నాము.